ఫ్రెంచ్ నవలల్లో ఊరొదిలి పారిస్ చేరే కుర్రాడు మళ్ళీ మళ్ళీ ఎందుకొస్తాడు?

మీరడిగింది క్లుప్తంగా ఇది: స్తాందాల్‌ని తీసినా, బాల్జాక్‌ని తీసినా, మొపాసాని తీసినా ఎక్కడో చిన్న ఊళ్ళో పుట్టిన కుర్రాడొకడు ఖాళీ జేబుతో, కొండంత ఆశతో పారిస్ చేరతాడు. పెద్దింటి ఆడవాళ్ళ అండతో పైకెక్కుతాడు, లేదా మధ్యలో జారి పడతాడు. ఒకరిని చూసి ఒకరు రాసుకున్న మూస కథేనా ఇది? చదవడం మొదలుపెట్టాలంటే ఏది ముందు?

నేరుగా జవాబు: మూస కాదు. 1789 విప్లవం తర్వాత ఫ్రాన్సులో ఎన్నో ఇళ్ళలో నిజంగా జరిగిన కథే అది. ఒక తలుపు బార్లా తెరుచుకుంది. పాతికేళ్ళు తిరిగేసరికి మళ్ళీ మూసుకుంది. ఆ సందులో చదువుకున్న కుర్రాళ్ళు ఇరుక్కున్నారు. ఇక వీళ్ళందరూ ఒకడేనా అంటే, ఎంతమాత్రం కాదు. తేడా పట్టుకోవడానికి నేను క్లాసులో ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది: వాడి ప్రయాణానికి డబ్బు ఎవరిచ్చారు? ఆ డబ్బు ఇంటికి తిరిగి వెళ్ళిందా? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని చదివితే పైకి ఒకేలా కనిపించే నవలలు దేనికది విడిపోతాయి.

నేను హైదరాబాదులో చాలా ఏళ్ళుగా ఎం.ఏ. ఫ్రెంచ్ పిల్లలకి పందొమ్మిదో శతాబ్దపు నవల చెప్తున్నాను. కింద రాసేదంతా ఆ పాఠాల్లోంచి వచ్చిందే. నవలల పేర్లు ఇంగ్లీషు అనువాదాల పేర్లతోనే ఇస్తాను, మీకు వెతుక్కోవడం తేలిక.

ముందు ఆ తలుపు సంగతి. కోర్సికా దీవిలో పుట్టిన ఒక మామూలు సైనికాధికారి 35 ఏళ్ళకి చక్రవర్తి కిరీటం పెట్టుకున్నాడు. నెపోలియన్ కాలంలో పుట్టుకతో పని లేకుండా ప్రతిభతో పైకి రావచ్చన్న మాట ఊరూరా పాకింది. ప్రభుత్వం 1802లో లిసేలనే ఉన్నత పాఠశాలలు పెట్టింది, 1808లో బడి చదువు చివర రాసే బాకలోరియా పరీక్ష తెచ్చింది. 1815లో నెపోలియన్ ఓడిపోయాడు, పాత రాజవంశం తిరిగొచ్చింది. చదువు మాత్రం కుర్రాళ్ళకి అందుతూనే ఉంది, కుర్చీలే లేవు. 1814 రాజ్యాంగ పత్రం ప్రకారం ఓటు వెయ్యాలంటే 30 ఏళ్ళు నిండి, ఏడాదికి 300 ఫ్రాంకుల ప్రత్యక్ష పన్ను కట్టాలి. ప్రతినిధిగా నిలబడాలంటే 40 ఏళ్ళు నిండాలి, 1,000 ఫ్రాంకులు కట్టాలి. మూడు కోట్ల జనాభాలో ఓటర్లు అటూ ఇటుగా లక్షమంది. పాతికేళ్ళవాడికి ఆ దేశంలో స్థానమే లేదు.

బాల్జాక్ 'ఓల్డ్ గోరియో'లో వోత్రాన్ అనే పారిపోయిన ఖైదీ, లా చదువుతున్న రాస్తిన్యాక్‌కి ఇదే లెక్క వేసి చూపిస్తాడు. దేశం మొత్తానికి ప్రొక్యూరర్ జనరల్ (పెద్ద సర్కారు వకీలు) పదవులు ఇరవై, వాటికి ఎగబడేవాళ్ళు ఇరవై వేలు. ఒకే కుండలో వేసిన సాలీళ్ళలా మీలో మీరు తినేసుకోవాల్సిందే అంటాడు. వోత్రాన్ చెప్పే నీతి తప్పు కావచ్చు, అంకెలు మాత్రం తప్పు కాదు.

రెండో కారణం పారిస్. మంత్రిత్వ శాఖలు, పెద్ద బ్యాంకులు, నాటకశాలలు, ప్రచురణకర్తలు, పత్రికలు అన్నీ ఆ ఒక్క నగరంలోనే. అంగులేమ్‌లో ఎంత గొప్ప పద్యం రాసినా దాన్ని అచ్చువేసి దేశానికి పంచేవాడు ఆ ఊళ్ళో లేడు. 1836లో ఎమీల్ ద జిరార్దాన్ 'లా ప్రెస్' పత్రిక పెట్టి ఏడాది చందాని 80 ఫ్రాంకుల నుంచి 40కి దించాక పత్రికలకి పాఠకులు పెరిగారు, వాటిని నింపే కలాలకి గిరాకీ పెరిగింది. ఊళ్ళ నుంచి వచ్చిన కుర్రాళ్ళకి అదొక కొత్త మెట్టు అయింది. అంతకుముందు కాలపు లూసియెన్, తర్వాతి కాలపు దురువా (ఇద్దరి కథా కింద వస్తుంది) పత్రికల మెట్టు మీదే కాలుపెట్టారు.

మూడోది, రాసినవాళ్ళు కూడా ఆ దారినే వచ్చారు. స్తాందాల్ గ్రెనోబుల్ వాడు. ఇంజనీరింగ్ కాలేజీ ప్రవేశ పరీక్ష రాయడానికని 1799 నవంబరులో పారిస్ వచ్చాడు, సరిగ్గా నెపోలియన్ అధికారం చేజిక్కించుకున్న మర్నాడు. ఆ పరీక్ష రాయనే లేదు. బాల్జాక్ తూర్ వాడు, పేరు ముందు కులీనులు పెట్టుకునే 'ద' తనే తగిలించుకున్నాడు. ఫ్లోబేర్ రువాఁ నుంచి లా చదవడానికి వచ్చి తప్పాడు. జోలా ఎక్స్ పట్నంలో పెరిగి 1858లో పారిస్ చేరాడు, బాకలోరియా రెండుసార్లు తప్పాడు. వీళ్ళకి ఈ కుర్రాడు బయటివాడు కాదు.

బయట ప్రపంచంలోనూ ఇలాంటివాళ్ళు కళ్ళ ముందే ఉన్నారు. మార్సేయ్‌లో పుట్టిన అడోల్ఫ్ తియేర్ 1821లో పారిస్ వచ్చి, పత్రికల్లో రాసి, మంత్రి అయి, చివరికి 1871లో దేశాధ్యక్షుడయ్యాడు. రాస్తిన్యాక్‌కి నమూనా అతనే అని చాలామంది అంటారు. రెండో చివర ఆంత్వాన్ బెర్తే ఉన్నాడు. గుర్రాలకి లాడాలు కొట్టేవాడి కొడుకు, సెమినరీలో చదివాడు, పెద్దింట్లో పిల్లలకి ట్యూటరుగా కుదిరాడు. 1827 జూలైలో ఆ ఇంటి ఇల్లాలిని చర్చిలోనే కాల్చాడు, మరుసటి ఏడాది ఫిబ్రవరిలో గ్రెనోబుల్‌లో అతని తల తీశారు. స్తాందాల్ 'ది రెడ్ అండ్ ది బ్లాక్' (1830)కి మూలం ఆ కేసు.

ఇప్పుడు డబ్బు ప్రశ్న పట్టుకుని ఒక్కొక్కరినీ చూద్దాం.

జూలియన్ సొరెల్, 'ది రెడ్ అండ్ ది బ్లాక్' నాయకుడు. ఇతనికి ఇంటి నుంచి ఒక్క పైసా రాదు. తండ్రి రంపపు మిల్లు నడుపుతాడు. మనం జూలియన్‌ని మొదటిసారి చూసేది ఆ మిల్లులోనే, పైన దూలం మీద కూర్చుని, రంపాన్ని కనిపెట్టుకుని ఉండాల్సినవాడు పుస్తకం చదువుకుంటూ. తండ్రి కొట్టిన దెబ్బకి పుస్తకం కింద వాగులో పడిపోతుంది. నెపోలియన్ ప్రవాసపు కబుర్ల పుస్తకం అది. దెబ్బకన్నా ఆ పుస్తకం పోయినందుకే కుర్రాడికి ఎక్కువ ఏడుపొస్తుంది. తర్వాత మేయరుగారింట్లో ట్యూటరు పని కుదిరేటప్పుడు ఆ తండ్రే కూర్చుని బేరమాడి జీతం ఏడాదికి 400 ఫ్రాంకులకి పెంచుతాడు, కొడుకు మీద ప్రేమతో కాదు. నవల చివర, మేయరు భార్యని కాల్చి మరణశిక్ష పడ్డ కొడుకుని జైల్లో చూడ్డానికి వచ్చి తిట్టడం మొదలుపెడతాడు. జూలియన్ "నేను డబ్బు దాచాను" అంటాడు. అంతే, ముసలాయన ముఖం మారిపోతుంది. నీ తిండికీ చదువుకీ నేను పెట్టిన ఖర్చుందిగా అని లెక్క తీస్తాడు. ఈ పేజీ చదివాక క్లాసులో కాసేపు ఎవరూ మాట్లాడరు. జూలియన్‌కి డబ్బాశ లేదన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. అతనికి కావలసింది గౌరవం. కోర్టులో జ్యూరీతో అనే మాట కూడా అదే: కింది తరగతిలో పుట్టి, చదువుకుని, పెద్దవాళ్ళ మధ్యకి వచ్చినందుకే నాకీ శిక్ష అంటాడు. అందుకే ఇతన్ని అవకాశవాదుల జాబితాలో వేసేవాళ్ళతో నాకు పేచీ.

రాస్తిన్యాక్. ఇతను పేదవాడే గానీ పుట్టుక కులీన వంశంలో. అంగులేమ్ దగ్గర చిన్న జమీ, ఇంటిల్లిపాదికీ కలిపి ఏడాదికి మూడు వేల ఫ్రాంకుల రాబడి. అందులో 1,200 ఇతని చదువుకే పంపుతారు. అది చాలక, గొప్పవాళ్ళ ఇళ్ళకి వెళ్ళడానికి మంచి బట్టలు కావాలని ఇంకో 1,200 పంపమని తల్లికి ఉత్తరం రాస్తాడు. ఎందుకో అడగొద్దంటాడు. చెల్లెళ్ళు దాచుకున్న డబ్బు కూడా విడిగా అడుగుతాడు. తల్లి జవాబు వస్తుంది: డబ్బు పంపుతున్నాను, కానీ నాయనా, వంకర దారుల్లో గొప్ప పని ఏదీ జరగదు, నీలాంటివాడికి ఓపికే బలం. అది చదివి రాస్తిన్యాక్ ఏడుస్తాడు. అదే బస కొంపలో ఉండే గోరియో అనే ముసలాయన, కూతురి అప్పు తీర్చడానికి వెండి సామాన్లు చేతులతో మెలితిప్పి ముద్ద చెయ్యడం ఇతను అంతకుముందే చూశాడు. మా అమ్మ కూడా నగలు అలాగే మెలితిప్పి ఉంటుంది అనుకుంటాడు. ఆ డబ్బు ముట్టుకోనని కూడా అనుకుంటాడు. కాసేపటికి జేబులో పదిహేను వందలు పడతాయి, దర్జీ వస్తాడు, మనిషి నడకే మారిపోతుంది.

నా విద్యార్థుల్లో ఎక్కువమంది జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు. ఈ ఉత్తరం దగ్గర వాళ్ళు ఆగినంతసేపు నవల చివరి సవాలు దగ్గర ఆగరు. హాస్టల్ ఫీజుకి అమ్మ గాజులు తాకట్టు పెట్టిన సంగతి తెలిసిన పిల్లకి ఈ పేజీకి వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఆ సవాలు అంటే మీకు తెలిసే ఉంటుంది. గోరియోని పాతిపెట్టాక శ్మశానం గట్టు మీద నుంచి పారిస్‌ని చూసి "ఇక నువ్వో నేనో తేల్చుకుందాం" అంటాడు. దాన్ని స్ఫూర్తి వాక్యంలా వాడేవాళ్ళు పక్క వాక్యం వదిలేస్తారు. ఆ మాట అని వెంటనే మదాం ద న్యూసింజెన్ ఇంటికి భోజనానికి వెళ్తాడు. చనిపోయిన గోరియోకి ఆమె కన్న కూతురు, తండ్రి అంత్యక్రియలకి రాని కూతురు. యుద్ధం ప్రకటించిన సాయంత్రమే శత్రువు ఇంట్లో విస్తరేశాడన్నమాట. రాస్తిన్యాక్ ఇంటివాళ్ళ అప్పు తీరుస్తాడు కూడా. 1838లో వచ్చిన 'ది హౌస్ ఆఫ్ న్యూసింజెన్'లో అతనికి ఏడాదికి 40 వేల ఫ్రాంకుల రాబడి ఉంది, చెల్లెళ్ళకి ఘనంగా కట్నాలిచ్చాడు, ఊళ్ళో ఆస్తి మీద వచ్చేదంతా తల్లికే వదిలేశాడు. తర్వాత మంత్రి అవుతాడు, తన పాత ప్రేయసి మదాం ద న్యూసింజెన్ కూతుర్నే పెళ్ళి చేసుకుంటాడు. బాల్జాక్ ఇక్కడ మనకి తేలికైన తీర్పు ఇవ్వడు. కొడుకుగా ఏ లోటూ చెయ్యలేదు, మనిషిగా ఏం మిగిలాడో మీరే చూసుకోవాలి.

లూసియెన్. బాల్జాక్ 'లాస్ట్ ఇల్యూజన్స్' మూడు భాగాలుగా 1837 నుంచి 1843 దాకా వచ్చింది. ఈ కోవలో నాకు అన్నిటికన్నా పెద్ద నవల ఇదే. లూసియెన్ తండ్రి అంగులేమ్‌లో మందుల కొట్టు నడిపి చనిపోయాడు. తల్లి బాలింతలకి సేవ చేస్తుంది, చెల్లెలు ఎవ్ ఖరీదైన బట్టలు ఉతికే చోట పనిచేస్తుంది. కవి అయిన కొడుకు పెద్దమనిషిలా తిరగాలని ఇద్దరూ కడుపు కట్టుకుంటారు. ఎవ్ భర్త దవీద్ ప్రింటింగ్ ప్రెస్ నడుపుకుంటూ, గుడ్డపీలికలకి బదులు మొక్కల నారతో చవక కాగితం చెయ్యాలని ప్రయోగాలు చేస్తుంటాడు.

పారిస్‌లో మొదటి రోజుల్లో లూసియెన్ త్విలెరీ తోటలో షికారుకి వెళ్తాడు. మెడకి తెల్ల టై, దాని అంచులకి చెల్లెలు తన చేత్తో వేసిన కుట్టుపూలు. ఊళ్ళో పెద్దింటి మగవాళ్ళు అలాంటివి కట్టుకోవడం చూసి అన్నకీ కుట్టింది. ఇక్కడి షోగ్గాళ్ళలో ఒక్కడి మెడలోనూ అలాంటిది కనపడదు. అంతలో నెత్తిన గంప పెట్టుకుని పోతున్న కిరాణా కొట్టు కుర్రాడి మెడలో అచ్చం అదే కుట్టు కనిపిస్తుంది. గుండెలో పొడిచినట్టవుతుంది లూసియెన్‌కి. చెల్లెలి ప్రేమ అవమానంగా మారడానికి ఒక్క చూపు చాలింది. ఊరొదిలి నగరానికి వెళ్ళినవాడి గురించి ఇంతకన్నా నిజమైన పేరా నేను చదవలేదు.

ఆ తర్వాత దిగజారడం. సోర్బోన్ విశ్వవిద్యాలయం దగ్గర ఫ్లికొతో హోటల్లో 18 సూలకి (సూ అంటే చిల్లర నాణెం) మూడు వంటకాల భోజనం చేస్తూ, ఆ పూట కూడా గడవనివాళ్ళ మధ్య కొన్నాళ్ళు. అక్కడ ఎదురైన లూస్తో పత్రికల దారి చూపిస్తాడు. ఒకే నవలని ఒక వ్యాసంలో చీల్చి చెండాడి, మరో వ్యాసంలో ఆకాశానికెత్తడం లూసియెన్ నేర్చుకుంటాడు. ప్రేమించిన నటి కొరాలీ చనిపోయినప్పుడు శవం పక్కనే కొవ్వొత్తి వెలుగులో కూర్చుని తాగుబోతు పాటలు రాస్తాడు, ఆ డబ్బుతో ఆమెని పాతిపెట్టాలి కనక. అంతకుముందే బావ సంతకం ఫోర్జరీ చేసి వెయ్యి ఫ్రాంకుల హుండీలు (గడువుకి డబ్బు చెల్లిస్తానని రాసిచ్చే పత్రాలు) మూడు రాసి ఉంటాడు. ఆ హుండీలు అంగులేమ్ చేరి దవీద్‌ని జైలుకి ఈడుస్తాయి. తను కనిపెట్టిన కాగితం కిటుకు దవీద్ పోటీదార్లకి వదులుకోవాల్సి వస్తుంది. లూసియెన్ చావబోతుంటే వోత్రాన్ పాదిరీ వేషంలో ఎదురై ఆపుతాడు, కొనుక్కుంటాడు అనాలి నిజానికి. ఆ డబ్బులోంచి పంపిన మొత్తం ఇంటికి చేరేసరికి ఆలస్యమైపోయింది. ఈ కథ తరువాయి నవలలో లూసియెన్ 1830లో జైలు గదిలో ఉరేసుకుంటాడు.

ఫ్లోబేర్ 'సెంటిమెంటల్ ఎడ్యుకేషన్' (1869) ఈ వరసకి ఎదురు తిరిగిన పుస్తకం. 1840 సెప్టెంబరు 15న పడవ మీద మొదలవుతుంది. ఫ్రెదెరిక్ మొరో స్నేహితుడు దెలోరియే "బాల్జాక్ నవలల్లో రాస్తిన్యాక్‌ని గుర్తు తెచ్చుకో, నువ్వూ నెగ్గుతావు" అంటాడు. అంటే అప్పటికే కుర్రాళ్ళు నవలలు చదివి బతుకు ప్లాన్ చేసుకుంటున్నారు. ఫ్రెదెరిక్‌కి బాబాయి ఆస్తి కలిసొస్తుంది. ఎవరికీ బాకీ లేడు, ఎక్కడికీ ఎక్కడు. 1848 విప్లవం పక్కనుంచి వెళ్ళిపోతుంది.

మొపాసా జార్జ్ దురువా ('బెల్-అమీ', 1885) ఇంకో జాతి. నవల మొదలయ్యేసరికి తేదీ జూన్ 28, నెలాఖరు దాకా గడవడానికి జేబులో 3 ఫ్రాంకుల 40 సెంటీములు. అంటే రాత్రి భోజనాలు మానుకుని రెండు పగటి భోజనాలు, లేదా అవి మానుకుని రెండు రాత్రి భోజనాలు. వీధిలో నిలబడి ఈ కూడికలు వేసుకునే మనిషి, అద్దెకి తెచ్చిన సూటులో మేడమెట్లెక్కుతూ అద్దంలో తనని చూసి ఎవరో పెద్దమనిషి అనుకుంటాడు. రువాఁ పక్కన కాంతలు ఊళ్ళో అతని అమ్మానాన్నలది చిన్న సారా కొట్టు. వాళ్ళు పెట్టుబడి పెట్టిందేమీ లేదు, ఇతని మెట్లన్నీ ఆడవాళ్ళు వేసినవే. చివర మాదెలెన్ చర్చిలో పత్రిక యజమాని కూతుర్ని పెళ్ళాడుతూ అమ్మానాన్నలని తలుచుకుంటాడు: అప్పుడు ఐదు వేలు పంపాను, ఇప్పుడు యాభై వేలు పంపుతాను, చిన్న ఆస్తి కొనుక్కుంటారు. ఇల్లు అతనికి ఒక మనియార్డరు. పెళ్ళికి వాళ్ళు అక్కడ లేరు.

కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. బారెస్ 1897లో నాన్సీ నుంచి పారిస్ వెళ్ళిన ఏడుగురు విద్యార్థుల కథ రాశాడు, 'లే దెరాసినే' (వేళ్ళు తెగినవాళ్ళు). సొంత నేల వదిలితే మనిషి చెడతాడన్నది దాని వాదన. యూదు సైనికాధికారి డ్రేఫస్ మీద దేశద్రోహమని తప్పుడు నేరం మోపిన కేసులో ఈ రచయిత ఏ పక్షాన నిలబడ్డాడో తెలుసుకుని చదవండి. బాల్జాక్ లెక్క చూపిస్తాడే గానీ ఊళ్ళోనే ఉండిపొమ్మని ఎవరికీ చెప్పడు.

ఆడపిల్లల సంగతి వేరు. వాళ్ళకి ఈ దారే లేదు. ఎమ్మా బొవరీ ('మదాం బొవరీ', 1857) పారిస్ పటం కొనుక్కుని వేలికొసతో వీధుల వెంట తిరుగుతుంది, ఆ ఊరు ఎప్పటికీ చూడదు. జోలా దెనీజ్ ('ది లేడీస్ ప్యారడైజ్', 1883) నిజంగానే వస్తుంది. మూడో తరగతి పెట్టెలో చెక్కబల్ల మీద రాత్రంతా కూర్చుని, ఇద్దరు తమ్ముళ్ళని వెంటేసుకుని స్టేషను నుంచి నడిచొస్తుంది. అబ్బాయిలకి ఇల్లు డబ్బు పంపుతుంది. ఈ అమ్మాయి ఇంటినే మోసుకొచ్చింది.

ఆ కుర్రాడు పందొమ్మిదో శతాబ్దంతో ఆగిపోలేదు. 2022లో నోబెల్ అందుకున్న అనీ ఎర్నో తండ్రి నార్మండీలో ఇవెతో అనే చిన్న ఊళ్ళో కిరాణా, కాఫీ కొట్టు నడిపాడు. 'ఎ మాన్స్ ప్లేస్' (1983) ఆమె టీచరు పరీక్ష నెగ్గడంతో మొదలవుతుంది. సరిగ్గా రెండు నెలలకి తండ్రి పోతాడు. ఇక పుస్తకమంతా ఆయన గురించే. 'ఓల్డ్ గోరియో'లో ఇంట్లోవాళ్ళు ఉత్తరాల్లో మాత్రమే మాట్లాడారు. ఎర్నో దగ్గర, వెళ్ళిపోయిన బిడ్డే వెనక్కి తిరిగి వాళ్ళ జీవితం రాసింది. ఎదువార్ లూయీ పికార్డీలో తన పల్లె గురించి 2014లో రాసిన నవల కూడా ఈ దారిదే, కాకపోతే కోపం ఎక్కువ.

ఏది ముందు అన్నారు కదా. 'ఓల్డ్ గోరియో'తో మొదలుపెట్టండి, చిన్నది, మనుషులు త్వరగా పట్టుబడతారు. మొదటి ముప్ఫై పేజీలు బస కొంప వర్ణన, అక్కడ విసుగొచ్చినా వదలొద్దు. తర్వాత 'ది రెడ్ అండ్ ది బ్లాక్', ఆ పైన 'లాస్ట్ ఇల్యూజన్స్'. 'బెల్-అమీ' మధ్యలో ఎప్పుడైనా ఒక వారాంతంలో అయిపోతుంది. ఫ్లోబేర్‌ని చివరికి ఉంచుకోండి, పాతవాళ్ళని చదివినవాళ్ళకే అతను ఎవరితో వాదిస్తున్నాడో తెలుస్తుంది.

'లాస్ట్ ఇల్యూజన్స్' మూడో భాగంలో హుండీలు, వకీళ్ళ ఖర్చుల గోల చాలా పేజీలు నడుస్తుంది. అక్కడ చాలామంది పేజీలు తిప్పేస్తారు. మీరు తిప్పొద్దు. లూసియెన్ రాసిన ఒక వెయ్యి ఫ్రాంకుల హుండీ చెల్లకుండా తిరిగొచ్చినప్పుడు దాని మీద పడ్డ రుసుములన్నీ బాల్జాక్ పద్దు వేసి మరీ అచ్చువేశాడు, మొత్తం 1,037 ఫ్రాంకుల 45 సెంటీములు. అక్కడి నుంచి అది కోర్టుకెక్కి పెరుగుతూ పోతుంది. పక్కింటివాళ్ళ మధ్య తలెత్తుకుని బతికిన ఎవ్, దవీద్‌ల ఇంట్లోకి ఆ కాగితం ఎలా దిగిందో అంకె అంకెగా కనిపించేది ఆ పేజీల్లోనే.